కరెంటొచ్చాక ఎంతసేపు ఆగాలి: చిన్న ఉపగ్రహాల కంట్రోల్ సాఫ్ట్‌వేర్

(నల్లగొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. సార్లకు, మేడమ్‌లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే.

ఉపగ్రహం సంగతి తర్వాత. ముందు మా బోరు మోటరు గురించి చెప్పాలి. మాది మునుగోడు వైపు ఒక పల్లె. నా చిన్నతనంలో పొలాలకు కరెంటు వంతులవారీగా వచ్చేది, ఎక్కువగా రాత్రిపూటే. నాయిన టార్చిలైటు పట్టుకుని పొలం దగ్గరే పడుకునేవాడు. తర్వాత ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటరు దానంతటదే ఎత్తుకుంటుంది, మనిషి ఇంట్లో నిద్రపోవచ్చు. మాకూ ఒకటి బిగించారు. నెల తిరగకముందే మోటరు కాలిపోయింది.

ఎందుకు కాలింది? కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా నిండుగా రాదు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఒక్కోసారి మూడు ఫేజుల్లో రెండే వస్తాయి. పైగా ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మోటర్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటే వోల్టేజీ పడిపోతుంది. మా స్టార్టరు అవేవీ చూడలేదు. కరెంటు కనబడింది, ఎత్తుకుంది. వైండింగ్ పోయింది.

మళ్లీ చుట్టించాక మెకానిక్ ఈసారి టైమర్ పెట్టాడు, ఫేజు పోతే ఆపే రిలే కూడా పెట్టాడు. పెట్టి నాయిననే అడిగాడు: "ఎంతసేపు ఆగమని పెట్టాలె అన్నా?" నాయిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి అన్నాడు: "పక్కోళ్ల మోటర్లన్నీ ఎత్తుకోనీ. వోల్టేజీ నిలబడ్డంక మనది ఎత్తుకోవాలె."

ఆ సమాధానం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని బోర్లున్నాయో, ఎవరి మోటరు ఎంత పెద్దదో తెలిసిన మనిషికే తెలుస్తుంది. నేను పన్నెండేళ్లుగా చిన్న ఉపగ్రహాలకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. రోజూ నా ముందుకొచ్చే ప్రశ్న మెకానిక్ ఆ రోజు అడిగిందే. ఒక సెన్సార్ ఏదో చెబుతోంది. దాన్ని వెంటనే నమ్మాలా? ఎంతసేపు చూడాలి? ఎప్పుడు నమ్మడం మానేయాలి? ఈ రోజు దీని గురించే మాట్లాడతాను.

చిన్న ఉపగ్రహం అంటే ఎంత చిన్నది? క్యూబ్‌శాట్ అనే కొలతను 1999లో అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు ప్రతిపాదించారు, స్టాన్‌ఫర్డ్ నుంచి బాబ్ ట్విగ్స్, కాల్ పాలీ నుంచి జోర్డీ ప్యుయిగ్-సువారీ. ఎటు చూసినా పది సెంటీమీటర్ల డబ్బా. దాన్ని ఒక యూనిట్ అంటారు. విద్యార్థులు చదువు పూర్తయ్యేలోగా ఒక ఉపగ్రహాన్ని మొదటినుంచి చివరిదాకా తయారుచేయగలగాలి అన్నది వాళ్ల ఉద్దేశం. మన దగ్గర 2010 జూలై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్ బరువు కిలో కూడా లేదు. కర్ణాటకలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఏడు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కలిసి చేశారు. 2022 నవంబర్ 26న హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ పంపిన థైబోల్ట్ ఉపగ్రహాలు రెండూ సగం యూనిట్‌వే. అంటే మీ టిఫిన్ డబ్బా కంటే చిన్నవి. కాబట్టి ఇది మనకు అందని వ్యవహారం అనుకోవద్దు.

ఇప్పుడు ఆటిట్యూడ్ కంట్రోల్. చాలామంది ఆల్టిట్యూడ్ అని వింటారు. ఆల్టిట్యూడ్ అంటే ఎత్తు. ఆటిట్యూడ్ అంటే ఉపగ్రహం ఎటు తిరిగి ఉంది, ముఖం ఎటు ఉంది అన్నది. రాకెట్ నుంచి విడుదలైన చిన్న డబ్బా నెట్టిన స్ప్రింగు దెబ్బకు పల్టీలు కొడుతూ వెళ్తుంది. సెకనుకు పది డిగ్రీలు తిరగడం మామూలే. అలా తిరుగుతుంటే సోలార్ ప్యానెల్ మీద ఎండ నిలవదు, యాంటెన్నా మనవైపు నిలవదు, కెమెరాలో అన్నీ గీతలే పడతాయి. ముందు దాన్ని ఆపాలి. తర్వాత కావలసిన వైపు తిప్పాలి. ఎంత కచ్చితంగా తిప్పాలో లెక్క చూడండి. 500 కిలోమీటర్ల పైనుంచి ఒక్క డిగ్రీ తప్పితే నేల మీద ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైన తప్పుతుంది. ఇక్కడి క్లాక్ టవర్ ఫొటో తీయమంటే పానగల్లు, ఉదయ సముద్రం కూడా దాటిపోయి ఎక్కడో చేలు వస్తాయి.

అంతరిక్షంలో పట్టుకోవడానికి ఏమీ లేదు, తన్నడానికి గాలి లేదు. మరి దేన్ని పట్టుకుని ఆగాలి? భూమి అయస్కాంత క్షేత్రాన్ని. రాగి తీగ చుట్ట ఒకటి పెట్టి అందులో కరెంటు పంపితే అది కాసేపు అయస్కాంతం అవుతుంది, భూమి క్షేత్రం దాన్ని దిక్సూచి ముల్లులా తిప్పాలని చూస్తుంది. దీన్ని మాగ్నెటోటార్కర్ అంటాం. దాని బలం ఎంతో తెలుసా? మామూలు చిన్న చుట్ట సుమారు ఆరు మైక్రో న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఇది మనసుకు పట్టాలంటే ఇలా ఊహించండి: అడుగు స్కేలును ఒక చివర పట్టుకుని రెండో చివర ఒక ఆవగింజ పెట్టండి. ఆ ఆవగింజ మీ వేళ్ల దగ్గర స్కేలును ఎంత మెలితిప్పుతుందో అంత. అంత బలంతోనే కిలో బరువున్న డబ్బాను ఆపాలి, తిప్పాలి. అక్కడ గాలి, రాపిడి లేవు కాబట్టి ఆవగింజ కూడా చాలు. సమయం మాత్రం పడుతుంది.

పల్టీలు ఆపే పద్ధతికి బీ-డాట్ అని పేరు. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. ఉపగ్రహం తిరుగుతుంటే దాని మీదున్న మాగ్నెటోమీటర్‌కు, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సార్‌కు, భూమి క్షేత్రం మారుతున్నట్టు కనబడుతుంది. ఆ మార్పు ఎటు ఉంటే దానికి ఎదురుగా చుట్టలో కరెంటు పంపడం, అంతే. సూర్యుడెక్కడున్నాడో తెలియక్కర్లేదు, మనం ఏ దేశం మీదున్నామో తెలియక్కర్లేదు, గడియారం కూడా అక్కర్లేదు. ఒక సెన్సార్, మూడు చుట్టలు, ఒక గుణకారం, ముందు ఒక మైనస్ గుర్తు. ఒకటి రెండు చుట్లు భూమిని తిరిగేసరికి డబ్బా నెమ్మదిస్తుంది. కొలిచేటప్పుడు మాత్రం చుట్టలు ఆపాలి. లేకపోతే మాగ్నెటోమీటర్ భూమిని కాకుండా మన చుట్టనే కొలుస్తుంది. కాసేపు కొలవడం, కాసేపు తోయడం, మళ్లీ కొలవడం.

ఆగిన తర్వాత ఎటు చూస్తున్నామో తెలియాలి. దానికి కనీసం రెండు దిక్కులు కావాలి. సూర్యుడు ఒక్కడే కనబడితే ఆ దిక్కు చుట్టూ మనం ఎంత మెలితిరిగి ఉన్నామో తెలియదు. అందుకే సూర్యుడి దిక్కు, అయస్కాంత క్షేత్రం దిక్కు రెండూ కలిపి లెక్క కడతాం. భూమి నీడలోకి వెళ్తే, ప్రతి చుట్టులో సుమారు 35 నిమిషాలు, సూర్యుడు ఉండడు. అప్పుడు జైరో మీద, అంటే ఎంత వేగంగా తిరుగుతున్నామో చెప్పే సెన్సార్ మీద, ఆధారపడాలి. జైరో ఏమో మెల్లమెల్లగా తప్పుతుంది, కదలకుండా ఉన్నా కదులుతున్నట్టు చెబుతుంది. ఆ తప్పు ఎంతో అంచనా కట్టి తీసేసేది కాల్మన్ ఫిల్టర్. 1960 నాటి లెక్క, ఇవాళ్టికీ దాన్ని మించినది పెద్దగా లేదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీరందరూ చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం నీడ, పగలంతా సూర్యుడు కదిలినా తాను కదలదు. వెలుగు అటూ ఇటూ నుంచి స్తంభాలకు తగిలి వచ్చేలా కట్టారు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట ఈ నేల మీద వెలుగు కోణాల గురించి అంత ఆలోచించినవాళ్లు ఉన్నారంటే నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. మా పనిలో మాత్రం కదలని నీడ కనబడితే భయపడాలి. నిజమైన సెన్సార్ చెప్పే అంకె ఎప్పుడూ కొంచెం వణుకుతూ ఉంటుంది. ఒకే అంకె, చివరి దశాంశం దాకా ఒకేలా, వంద సార్లు వచ్చిందంటే సెన్సార్ బాగుందని కాదు, చచ్చిపోయిందని. దాని వైపు నుంచి కొత్త మాట రావడం లేదు, పాత మాటే జ్ఞాపకంలోంచి మళ్లీ మళ్లీ చదువుతున్నాం. విలువ హద్దుల్లో ఉందా అని అందరూ పరీక్షిస్తారు. మారుతోందా లేదా అని పరీక్షించేవాళ్లు తక్కువ. రెండోది తప్పకుండా రాయండి.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తాను. నమ్మడంలో రెండు రకాల తప్పులున్నాయి. రెండింటికీ పెద్ద ఉదాహరణలున్నాయి.

మొదటిది మనదే. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం. దానిలో 75 పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు భాగం పంచుకున్న ఆజాదీశాట్ కూడా ఉంది. ఇక్కడ లోపం రాకెట్‌ది, ఉపగ్రహానిది కాదు, కానీ పాఠం మనందరిదీ. రెండో దశ విడిపోయేటప్పుడు పరికరాలున్న పలక కాసేపు గట్టిగా అదిరింది. కాసేపంటే సెకనులో చిన్న ముక్క. ఆ అదురుకు, వేగం ఎంత మారుతోందో కొలిచే యాక్సిలెరోమీటర్ల అంకెలు చెడ్డాయి. లోపం పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాటిని చూసి సెన్సార్లు పాడైపోయాయని తీర్పు ఇచ్చేసింది. అవి పాడవలేదు. కాసేపు ఆగి చూస్తే మళ్లీ సరిగ్గానే చెప్పేవి. కానీ తీర్పు అయిపోయింది. రాకెట్ ఆ సెన్సార్లు లేకుండా ముందే రాసిపెట్టుకున్న దారిలో వెళ్లింది, వేగం కొంచెం తగ్గింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్య కావాల్సింది, ఒకవైపు 356, ఇంకోవైపు 76 అయింది. 76 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఉంటుంది. ఉపగ్రహాలు నిలవలేదు. ఇస్రో కారణం దాచకుండా చెప్పింది, సరిచేసింది, 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 క్షేమంగా కక్ష్యకు చేరింది. ఇది హడావుడిగా నమ్మకం వదులుకోవడం.

రెండోది జపాన్‌ది. హితోమి అని, దాదాపు 2.7 టన్నుల ఎక్స్-రే టెలిస్కోప్ ఉపగ్రహం. 2016 ఫిబ్రవరి 17న పంపారు. మార్చి 26న పోయింది. నక్షత్రాలను చూసి దిక్కు చెప్పే స్టార్ ట్రాకర్ కాసేపు పనిచేయలేదు. ఆ సమయంలో జైరో తప్పు ఎంత ఉందన్న అంచనా ఒక తప్పుడు అంకె దగ్గర నిలిచిపోయింది, గంటకు 21.7 డిగ్రీలు. ఉపగ్రహం నిజానికి కదలకుండా ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం గంటకు ఇరవై డిగ్రీలు తిరిగిపోతున్నాననుకుంది. ఆ లేని తిరుగుడును ఆపడానికి, ఉపగ్రహాన్ని తిప్పడానికి లోపల పెట్టిన చక్రాలను తిప్పింది, దాంతో నిజంగా తిరగడం మొదలైంది. చక్రాలు వేగం నిండిపోయి ఇక తిరగలేక, సేఫ్ మోడ్‌లోకి, అంటే ఏదైనా తేడా వస్తే ప్రాణం కాపాడుకునే పద్ధతిలోకి, వెళ్లి థ్రస్టర్లను, అంటే తోసే చిన్న రాకెట్లను, వెలిగించింది. ఆ థ్రస్టర్లకు కొన్ని వారాల ముందు నేల మీదనుంచి పంపిన కొలతలు తప్పు. ఆపాల్సింది పోయి ఇంకా గట్టిగా తిప్పాయి. ప్యానెళ్లు విరిగిపోయాయి. దాని మీద సూర్యుడి సెన్సార్ ఉంది. నేను సూర్యుడి వైపు లేనేమో అని ఒక్కసారి దాన్ని అడిగి ఉంటే తెలిసిపోయేది. అడిగే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇది ఒక్క లెక్కను మొండిగా నమ్మడం.

ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలి? నా అనుభవంలో మూడు అలవాట్లు పనికొచ్చాయి. ఒక సెన్సార్ మీద ఫిర్యాదు వస్తే దాన్ని శాశ్వతంగా వెలివేయకూడదు, పక్కన కూర్చోబెట్టి చూస్తూ ఉండాలి, సరిగ్గా చెప్పడం మొదలుపెడితే మళ్లీ పిలవాలి. అన్ని సెన్సార్లూ ఒకేసారి పాడయ్యాయని లెక్క చెబితే, సెన్సార్లను కాదు, లెక్కనే ముందు అనుమానించాలి. ఒకేసారి అందరూ చెడిపోవడం అరుదు, అందరికీ ఒకేసారి అదురు తగలడం మామూలు. ఇక ఎంతసేపు చూడాలన్న అంకెను కుర్చీలో కూర్చుని ఊహించకూడదు. వైబ్రేషన్ టేబుల్ మీద పెట్టి, అదురు ఎంతసేపు ఉంటుందో కొలిచి, దానికంటే ఎక్కువ పెట్టాలి. నాయిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసింది ఇందుకే.

ఆగడం గురించి ఇంకొక మాట. క్యూబ్‌శాట్ రాకెట్ నుంచి బయటపడ్డాక 30 నిమిషాల దాకా యాంటెన్నా విప్పకూడదు, 45 నిమిషాల దాకా రేడియో మోగించకూడదన్నది నియమం. పక్కనున్న ఉపగ్రహాలకు ఇబ్బంది కలగకూడదని. చూడటానికి చాలా తేలిక, ఒక టైమర్ పెడితే చాలు. మీలో ఎవరైనా రాస్తే ఎలా రాస్తారు? బోర్డు ఆన్ అయినప్పుడు సున్నా నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టి 1800 సెకన్లు అయ్యాక యాంటెన్నా విప్పమంటారు. ల్యాబ్‌లో వంద సార్లు పనిచేస్తుంది. పైన బ్యాటరీ బలహీనంగా ఉండి, నీడలోకి వెళ్లి, ఇరవయ్యో నిమిషంలో బోర్డు రీస్టార్ట్ అయితే? లెక్క మళ్లీ సున్నా. మళ్లీ ఇరవయ్యో నిమిషంలో రీస్టార్ట్. మళ్లీ సున్నా. ఆ ఉపగ్రహం యాంటెన్నా ఎప్పటికీ విప్పదు. అంతా బాగుండి కూడా మూగగా తిరుగుతుంది. అందుకే గడిచిన సమయాన్ని కరెంటు పోయినా చెరగని మెమరీలో నిమిషానికోసారి రాసుకోవాలి. యాంటెన్నా విప్పే ప్రయత్నం ఒక్కసారితో వదలకుండా, విప్పుకుందని తెలిసేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. రెండు మూడు లైన్ల తేడా ఇది. దీని మీదే ఒక కాలేజీ నాలుగేళ్ల కష్టం ఆధారపడి ఉంటుంది.

రీస్టార్ట్ అంటే గుర్తొచ్చింది, లైట్‌సెయిల్. 2015 మే 20న వెళ్లిన మూడు యూనిట్ల ఉపగ్రహం, సూర్యకాంతి తోపును పట్టే తెరచాప ఉన్నది. నేలకు పంపే సమాచారాన్నంతా అది ఒకే ఫైల్‌లో రాసుకుంటూ పోయింది. ఫైలు 32 మెగాబైట్లకు చేరగానే సాఫ్ట్‌వేర్ మొత్తం గడ్డకట్టింది. రెండు రోజుల్లోనే. నేల మీద నుంచి రీస్టార్ట్ కమాండ్లు పంపారు, వినే స్థితిలో లేదు. చివరికి వాళ్లు ఏం చేశారంటే, ఎదురుచూశారు. అంతరిక్షంలో తిరిగే రేణువు ఏదైనా చిప్‌కు తగిలి దానంతటదే రీస్టార్ట్ అవుతుందేమోనని. సుమారు ఎనిమిది రోజులకు మళ్లీ పలికింది. జూన్ 7న తెరచాప విప్పింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అలా కాపాడుకోవాల్సిన అవసరం మనకు రాకూడదు.

దానికి వాచ్‌డాగ్ ఉంది. మీ మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో చూసే ఉంటారు, ఒక లెక్క తగ్గుతూ ఉంటుంది, దాన్ని మనం ఎప్పటికప్పుడు నింపకపోతే బోర్డును రీసెట్ చేస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను: వాచ్‌డాగ్‌ను టైమర్ ఇంటరప్ట్‌లోంచి, అంటే ప్రోగ్రాం ఏం చేస్తున్నా టైమర్ మధ్యలో పిలిచే పనిలోంచి, నింపుతారు. ప్రోగ్రాం మొత్తం ఎక్కడో ఇరుక్కుపోయినా టైమర్ ఇంటరప్ట్ వస్తూనే ఉంటుంది, వాచ్‌డాగ్ నిండుతూనే ఉంటుంది. కాపలాకుక్క మేలుకునే ఉంది, ఇల్లు మాత్రం దోపిడీ అవుతోంది. నింపే పని అన్నిటికంటే చివర ఉండాలి. సెన్సార్ చదివే పని, కంట్రోల్ లెక్క, రేడియో, కరెంటు చూసుకునే పని, ప్రతి ఒక్కటీ నా వంతు చేశానని ఒక గుర్తు పెట్టాలి. అన్ని గుర్తులూ పడితేనే నింపాలి. ఇంకా ఒకటి: రేణువు తగిలి చిప్‌లో లాచప్ అయితే, అంటే షార్ట్ సర్క్యూట్‌లా కరెంటు ఆగకుండా పారితే, రీసెట్ సరిపోదు, కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వాలి. అందుకని వాచ్‌డాగ్ బయట విడిగా ఉండి కరెంటునే కోయగలగాలి.

కంప్యూటర్స్ చదివేవాళ్లు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. నాన్ అని ఒకటుంది, అంకె కాని అంకె. రెండు దిక్కుల మధ్య కోణం కావాలంటే డాట్ ప్రోడక్ట్ తీసుకుని ఆర్క్ కొసైన్ వేస్తాం కదా. రెండు దిక్కులూ ఒకటే అయితే డాట్ ప్రోడక్ట్ ఒకటి రావాలి. కంప్యూటర్ చివరి దశాంశంలో తప్పి ఒకటి కంటే ఇసుమంత ఎక్కువ ఇస్తుంది. ఒకటి దాటిన అంకెకు ఆర్క్ కొసైన్ లేదు. జవాబు నాన్. చూశారా, ఉపగ్రహం సరిగ్గా సూర్యుడి వైపు తిరిగిన క్షణంలోనే, అంటే అంతా మంచిగా జరిగిన క్షణంలోనే, విషం పుడుతుంది. అది కాల్మన్ ఫిల్టర్‌లోకి పోతే ఇక తీయలేం, ఎందుకంటే ప్రతి కొత్త అంచనా పాత అంచనా మీద కట్టుకుంటూ పోతుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, నాన్ ఎక్కువా, తక్కువా, సమానమా అని దేనితో పోల్చినా జవాబు కాదు అనే వస్తుంది. వేగం హద్దు దాటితే సేఫ్ మోడ్‌కు వెళ్లు అని మీరు రాసి ఉంటారు. వేగమే నాన్ అయితే? హద్దు దాటిందా అని అడిగితే కాదంటుంది. సేఫ్ మోడ్‌కు వెళ్లదు. అదే వాక్యాన్ని తిప్పి రాయండి: వేగం హద్దు లోపలే ఉందని తేలితేనే ముందుకు నడువు, లేకపోతే సేఫ్ మోడ్. ఇప్పుడు నాన్ వచ్చినా లోపలే ఉందా అంటే కాదంటుంది, సేఫ్ మోడ్‌కు వెళ్తుంది. ఒకే అర్థం అనిపించే రెండు వాక్యాలు. ఒకటి ఉపగ్రహాన్ని కాపాడుతుంది, ఇంకొకటి కాపాడదు. నా టీమ్‌లో కొత్తగా చేరేవాళ్లకు మొదటి రోజు నేర్పేది ఇదే.

మా దగ్గర జరిగిన ఒక సంఘటన చెప్పాలి. అప్పుడు నేను ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. బీ-డాట్ కోడ్ పాతది, బాగా పరీక్షించినది. మాగ్నెటోమీటర్ చిప్ దొరకక వేరే చిప్ వేసి కొత్త బోర్డు చేయించారు. పాత చిప్‌లో ఒక అక్షం పైకి ఉంటే కొత్తదానిలో కిందికి ఉంది. దాన్ని కోడ్‌లో మార్చడం నేను మర్చిపోయాను. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ మొత్తం పాస్ అయింది, ఎందుకంటే సిమ్యులేషన్‌లో చిప్ లేదు, నేను రాసిన లెక్కే ఉంది. నా లెక్కకు నా లెక్కే సాక్ష్యం చెప్పింది. ఆ మైనస్ ప్లస్ అయితే హితోమికి జరిగిందే: ఆపాల్సిన చుట్ట ఇంకా తిప్పుతుంది. దేవరకొండ నుంచి వచ్చిన ఒక చెల్లె అప్పుడే ట్రెయినీగా చేరింది. తనకు సిమ్యులేషన్ చూడటం ఇంకా రాదు. అందుకని బోర్డును చేతిలో పట్టుకుని, పక్కన ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి అంకెలు రాసుకుంది. రాసుకుని నా దగ్గరకొచ్చి అడిగింది: "అన్నా, ఫోన్ ఒకటి చెప్తుంది, మన బోర్డు ఇంకోటి చెప్తుంది. ఏది కరెక్టు?" ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత మేం చేసిన ప్రతి ఉపగ్రహాన్నీ మూసేముందు ఎవరో ఒకరు చేతిలో పట్టుకుని మూడు వైపులా తిప్పి చూడాల్సిందే. ఆ కాగితం మీద సంతకం లేకుండా డబ్బా బయటికి పోదు.

ఖరీదైన పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో వెర్మాంట్ టెక్నికల్ కాలేజీ పిల్లలు ఒక యూనిట్ ఉపగ్రహానికి సాఫ్ట్‌వేర్ మొత్తం స్పార్క్ అనే భాషలో రాశారు. అడా భాషలోంచి తీసిన కట్టుదిట్టమైన భాగం అది. అందులో రాసిన ప్రోగ్రాంలో అంకె తన చోటు దాటి పొంగిపోదని, అరే (మెమరీలో విలువల వరస) హద్దు దాటదని నడపకముందే గణితంతో నిరూపించవచ్చు. 2013 నవంబర్‌లో పంపారు, 2015 నవంబర్‌లో గాలిలో కాలిపోయేదాకా పనిచేసింది. అంకె పొంగడం అంటే చిన్న విషయం అనుకోకండి. 1996 జూన్ 4న ఏరియన్-5 మొదటి రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోవడానికి మూలం అదే, 64 బిట్ల అంకెను 16 బిట్లలో కుక్కడం. రెండో కంప్యూటర్ ఉంది, కానీ దానిలోనూ అదే ప్రోగ్రాం. ఇద్దరికీ ఒకే పాఠం నేర్పితే ఇద్దరూ ఒకే చోట తప్పుతారు. స్పార్క్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోండి. సీ భాషలోనే రాస్తామంటే కూడా పర్వాలేదు. మొదలయ్యాక కొత్తగా మెమరీ అడగకుండా, ప్రతి లూపుకూ ఒక హద్దు పెట్టి, తనను తాను పిలుచుకునే ఫంక్షన్లు లేకుండా రాయండి. నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో కూడా ఇవే నియమాలు.

మన నల్లగొండ పేరు ప్రపంచంలో నీళ్ల ఇంజనీర్లందరికీ తెలుసు. ఎందుకో మీకు తెలుసా? ఫ్లోరైడ్ బాధ వల్ల మాత్రమే కాదు, నల్లగొండ టెక్నిక్ వల్ల. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగట్టడం. బకెట్‌లో చేయొచ్చు. దానికీ లోపాలున్నాయి, అది అన్నిటికీ మందు కాదు, మా ఊళ్లో నడుము వంగిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ కరెంటు లేని ఇంట్లో కూడా చేయగలిగే పద్ధతి కనిపెట్టాలన్న ఆలోచన మీద నాకు చాలా గౌరవం. సేఫ్ మోడ్ అలా ఉండాలి. అన్నీ పోయాక కూడా మిగిలినవాటితో నడిచేలా. జైరో లేకుండా, సూర్యుడు లేకుండా, గడియారం లేకుండా. అందుకే ముందు సేఫ్ మోడ్ రాయండి. ఫొటోలు తీసే మోడ్ చివర రాయండి. కాలేజీ ప్రాజెక్టుల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. కెమెరా మొదట, సేఫ్ మోడ్ రివ్యూ ముందు రోజు రాత్రి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, తప్పు తెలిశాక కోడ్ పైకి పంపి మార్చొచ్చు కదా?)

మార్చొచ్చు అమ్మా. కానీ లెక్క చూడు. 500 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మన తల మీదుగా పోయేటప్పుడు కనబడేది ఎక్కువలో ఎక్కువ పది పన్నెండు నిమిషాలు. రోజుకు అలాంటివి కొన్నే. రేడియో వేగం తక్కువ. కొత్త కోడ్ మొత్తం పంపడానికి రోజులు పడుతుంది. సగం పంపాక కరెంటు పోతే? అందుకని పాత కోడ్ చెరపకూడదు. అసలు కాపీ ఒకటి ఎవరూ రాయలేని మెమరీలో ఉండాలి. కొత్తది మూడుసార్లు లేవలేకపోతే పాతదానికి వెనక్కి పోవాలి. పైగా హితోమికి చివరి దెబ్బ నేల మీద నుంచి పంపిన అంకెలతోనే తగిలింది. మార్చగలగడం మంచిదే, మార్చేదాన్ని కూడా పరీక్షించాలి.

(ఒక విద్యార్థి: అన్నా, మా దగ్గర అంత పెద్ద ల్యాబ్ లేదు. దేనితో మొదలుపెట్టాలి?)

మంచి ప్రశ్న తమ్మీ. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. నేను ఒక డబ్బా తెచ్చాను, పది సెంటీమీటర్లది, లోపల రాగి చుట్ట ఒకటి, బ్యాటరీ, మాగ్నెటోమీటర్, ఒక మైక్రోకంట్రోలర్. పైకప్పు నుంచి సన్నని దారంతో వేలాడదీయాలి. చుట్టలో కరెంటు పంపితే ఉత్తరం వైపు తిరగాలని చూస్తుంది. చాలా మెల్లగా, ఒక ఊపు పూర్తవడానికి నిమిషంన్నర దాకా పడుతుంది. ఎందుకంటే దాన్ని తోసేది ఆవగింజంత బలం. ముందు చేత్తో తిప్పి వదులుదాం, తర్వాత మీరే బీ-డాట్ రాసి ఆపండి. మొదట మైనస్ పెట్టి చూడండి, తర్వాత కావాలని ప్లస్ పెట్టి చూడండి. పక్క ల్యాబ్‌లో దారం కట్టి ఉంచాం, ఐదుగురు చొప్పున రండి. ఫ్యాన్లు, కిటికీలు మాత్రం మూసేయాలి. గాలి ఆగిందనుకున్నాక ఇంకో పది నిమిషాలు ఆగి మొదలుపెడదాం.